కతానియాలో ఒక రోజు: తిండి వేళల్ని పట్టుకుని ఊరు చూసే పద్ధతి

ఇటలీలోని సిసిలీ దీవికి వెళ్లే మనవాళ్లలో చాలామందికి కతానియా అంటే విమానం దిగే ఊరు, అంతే. దిగగానే కారు అద్దెకు తీసుకుని తావోర్మినా వైపో సిరాకుజా వైపో వెళ్లిపోతారు. నన్నడిగితే ఈ ఊరికి ఒక రోజు పూర్తిగా ఇవ్వండి, కాకపోతే రోజును ప్లాన్ చేసే తీరు కొంచెం మార్చుకోండి. మామూలుగా మనం చూడాల్సిన కట్టడాలన్నీ ముందు రాసుకుని, మధ్యలో ఆకలేస్తే ఎక్కడో ఒకచోట తినేస్తాం. కతానియాలో అలా తిరిగితే రెండూ చెడతాయి. ఇక్కడ ఒక్కో తిండికి ఒక్కో వేళ ఉంది: పొద్దున్నే గ్రనీటా, మధ్యాహ్నంలోపు చేపల బజారు, ఒంటిగంటకు పాస్తా, ఎండ దిగాక నిమ్మకాయ సోడా, చీకటి పడ్డాక నిప్పుల మీద కాల్చినవి. పైగా చర్చిల్లో చాలావాటికి మధ్యాహ్నం తాళం పడుతుంది, రెస్టారెంట్లలో రెండున్నర మూడు దాటితే వంటింట్లో ఎవరూ ఉండరు. అందుకని ముందు తిండి వేళలు ఖాయం చేసుకుని, మధ్యలో దొరికే ఖాళీల్లో ఊరిని చూడండి.

బయల్దేరే ముందు

మొట్టమొదట వారం చూసుకోండి. ఆదివారం చేపల బజారు ఉండదు, అది లేకపోతే ఈ ప్లాన్‌లో సగం పోయినట్టే. సోమవారం నుంచి శనివారం లోపు ఏ రోజైనా సరే. కాలం విషయానికొస్తే ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా, మళ్లీ సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా హాయిగా ఉంటుంది. జులై, ఆగస్టుల్లో ఎండ మన కోస్తా ఎండకు తీసిపోదు, నల్లరాతి వీధులు ఆ వేడిని రాత్రిదాకా పట్టి ఉంచుతాయి. ఫిబ్రవరి 3 నుంచి 5 వరకు ఊరి దేవత లాంటి సంత్ అగతా ఉత్సవం. ఆ మూడు రోజులూ లక్షల మంది వీధుల్లోనే ఉంటారు. చూడదగ్గదే గానీ, అప్పుడు వెళ్తే ఈ ప్లాన్ పక్కన పడేసి జనంతో పాటు నడవడమే.

బస పియాజ్జా డ్వోమోకి (కెథెడ్రల్ ముందున్న పెద్ద చౌరస్తా) పది పదిహేను నిమిషాల నడకలో తీసుకోండి. ఈ రోజు చూడబోయేవన్నీ దాని చుట్టుపక్కలే, కారు అక్కర్లేదు సరికదా, ఉంటే పార్కింగ్ టెన్షన్ ఒకటి. ఫాంతనారోస్సా విమానాశ్రయం ఊరికి దగ్గరే, అలీబస్ అనే బస్సు నేరుగా ఊళ్లోకి తెస్తుంది. ఎత్నా అగ్నిపర్వతం గట్టిగా బూడిద కక్కిన రోజుల్లో మాత్రం విమానాలు ఆగిపోతాయి, దారి మళ్లుతాయి. కాబట్టి తిరుగు ప్రయాణంలో రోమ్‌లోనో మిలాన్‌లోనో పట్టుకోవాల్సిన విమానానికి మధ్యలో తగినంత టైమ్ ఉంచుకోండి.

చెప్పులు, బూట్లు జారనివి వేసుకోండి. వీధుల్లో పరిచింది లావా రాయి, శతాబ్దాల నడకకు నున్నగా అరిగిపోయింది, చేపల బజారులో అయితే దానిమీద ఎప్పుడూ నీళ్లే. చిల్లర నాణేలు దగ్గర పెట్టుకోండి. చాలా బార్లలో (అక్కడ బార్ అంటే కాఫీ, టిఫిన్ దొరికే చోటు, మందు కొట్టు అనుకోవద్దు) ముందు గల్లాపెట్టె దగ్గర డబ్బు కట్టి, ఆ రసీదు కౌంటర్లో చూపించాలి. నిలబడి తింటే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర.

పొద్దున ఏడున్నర: గ్రనీటా, బ్రియోష్

హోటల్లో ఉచితంగా పెట్టే టిఫిన్ మీద ఆశ వదిలేసుకోండి. కతానియా జనం వేసవి పొద్దుల్లో తినేది గ్రనీటా. మంచు తురిమి పైన రంగు నీళ్లు పోసే ఐస్ గోలాతో దీనికి సంబంధం లేదు. పండు రసమో, బాదం పాలో, చక్కెర, నీళ్లు కలిపి, గడ్డకట్టేటప్పుడు ఆపకుండా తిప్పుతూ ఉంటే పలుకులు మరీ చిన్నవై, నోట్లో పెట్టగానే కరిగే ముద్దగా తయారవుతుంది. సిసిలీ తూర్పు తీరంలో ఇది మరీ మెత్తగా ఉంటుంది.

ఏది తీసుకోవాలి? మొదటిసారి బాదం, అంటే మాందోర్లా. రెండోసారి నిమ్మ. మే నెలాఖరు నుంచి వేసవి మధ్య దాకా నల్ల మల్బరీ (జెల్సీ) దొరికితే మిగతావన్నీ మర్చిపోండి. పిస్తా కావాలంటే రంగు చూడండి: మరీ పచ్చగా మెరిసిపోతుంటే అనుమానించాలి, అసలు పిస్తా గ్రనీటా కాస్త మట్టిరంగు కలిసిన ఆకుపచ్చలో ఉంటుంది. ఎత్నా పడమటి వాలున బ్రోంతె అనే ఊళ్లో పండే పిస్తాకి అక్కడ బంగారం ధర.

పక్కన బ్రియోష్ కోల్ తుప్పో ఇస్తారు, నెత్తిన చిన్న కొప్పు ఉన్న మెత్తటి బన్ను. ముందు ఆ కొప్పు తుంచి గ్రనీటాలో ముంచి తినండి, తర్వాత మిగతా బన్ను ముక్కలు చేసుకుంటూ. చెంచా పక్కన పెట్టేసినా ఎవరూ ఏమీ అనుకోరు. రెండూ కలిపి అటూఇటూగా నాలుగైదు యూరోలు అవుతుంది. బ్రియోష్‌లో గుడ్డు ఉంటుంది, గుడ్డు తినని వాళ్లు గ్రనీటా ఒక్కటే అడగండి.

ఫ్రిజ్‌లు లేని కాలంలో ఈ చల్లదనం ఎక్కణ్నుంచి వచ్చిందంటే, పైనున్న ఎత్నా నుంచే. చలికాలంలో కురిసిన మంచును కొండ మీది గుంతల్లో, గుహల్లో దట్టించి, పైన ఆకులు కప్పి, వేసవిలో రాత్రిపూట గాడిదల మీద కిందికి దించేవారు. ఆ పనివాళ్లను నెవరోలీ అనేవారు. ఆ మంచు మాల్టా దీవి దాకా పడవల్లో వెళ్లేది. కాల్చేసే కొండే చల్లదనమూ పంపింది మరి.

తొమ్మిది: చేపల బజారు

పియాజ్జా డ్వోమో మూలన తెల్లటి అమెనానో ఫౌంటెన్ ఉంటుంది, 1867లో కర్రారా పాలరాతితో కట్టింది. దాని అంచు నుంచి నీళ్లు పల్చటి తెరగా కిందికి పడుతుంటాయి. ఆ నీళ్లు అమెనానో నదివి, ఊరి కింద లావా అడుగున కనపడకుండా పారే నది అది. ఫౌంటెన్ వెనకే మెట్లు దిగితే లా పెస్కెరియా, చేపల బజారు.

మెట్ల పైనే రెయిలింగ్‌కి ఆనుకుని ఒక ఐదు నిమిషాలు చూడండి. కింద ఎర్ర గుడారాలు, తడి నల్లరాయి, కత్తిచేప తలలు ముక్కు పైకి నిలబెట్టి పేర్చినవి, ట్యూనాను ఎర్రటి దిమ్మెలుగా కోసే పొడవాటి కత్తులు. అమ్మేవాళ్ల కేకలు ఒక రాగంలో సాగుతాయి, ఒకరు అందుకుంటే అవతలి బల్ల నుంచి ఇంకొకరు జవాబిస్తారు. మన చేపల మార్కెట్లు చూసిన కళ్లకు ఇదేమీ కొత్త కాదనిపించవచ్చు, కానీ దిగి దగ్గరగా చూస్తే చేపలు వేరు: వేలెడంత వెండిరంగు ఆంకోవీలు (ఇక్కడి వాళ్లకు మస్కులీనీ), కత్తెరతో సగానికి కోసి చూపించే సముద్రపు ముళ్లకాయలు, బకెట్లో గోడెక్కుతున్న నత్తలు, నీళ్లలో ఇంకా కాళ్లు కదుపుతున్న ఆక్టోపస్.

ఇక్కడ నియమాలు కొన్నే. బల్లకు అడ్డంగా నిలబడి ఫొటోలు తీయొద్దు, వాళ్లు వ్యాపారం చేసుకుంటున్నారు. మనిషి ముఖం తీయాలంటే సైగతోనైనా అడగండి, నూటికి తొంభై మంది చేపను ఎత్తి పట్టుకుని మరీ పోజిస్తారు. ఫోను, పర్సు ముందు జేబులో. పచ్చి చేప, పచ్చి ముళ్లకాయ అక్కడే తినమని ఇస్తారు. కడుపు మీద నమ్మకం ఉంటేనే తినండి, ఒకే రోజు ఉన్నవాళ్లకు నేనైతే చెప్పను. పక్క సందుల్లో వేయించిన చేపలు కాగితం పొట్లంలో అమ్ముతారు, అది భేషైన పని.

చేపలు తినని వాళ్లు కూడా రండి. చుట్టూ ఉన్న వీధుల్లో కూరగాయలు, ఆలివ్‌లు, చీజ్, ఎండబెట్టిన టమాటాలు. చలికాలంలో లోపల రక్తం రంగులో ఉండే తరోక్కో నారింజలు, ఎండలు తగ్గే రోజుల్లో నాగజెముడు పళ్లు. నాగజెముడు పండును మీరు ముట్టుకోవద్దు, కంటికి కనపడని ముళ్లుంటాయి, అమ్మే మనిషే ఒలిచి ఇస్తాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకల్లా బల్లలు కడిగేయడం మొదలవుతుంది. పదకొండు తర్వాత వస్తే సగం బజారే దొరుకుతుంది.

పదిన్నర: ఏనుగు, కెథెడ్రల్, మేడ మీది నుంచి ఎత్నా

మళ్లీ పైకొస్తే చౌరస్తా మధ్యలో నల్ల లావా రాతి ఏనుగు, వీపు మీద ఈజిప్టు శైలి శిలాస్తంభం. ఊరివాళ్లు దీన్ని లియోత్రు అంటారు, ఇదే ఊరి గుర్తు. ఏనుగు పాతది, దాన్ని ఇలా ఫౌంటెన్ మీద నిలబెట్టింది వక్కరీనీ అనే వాస్తుశిల్పి, 1730లలో. చుట్టూ ఉన్న భవనాల్లో చాలావాటిలో ఆయన చేయి ఉంది, ఎందుకంటే అప్పటికి ఊరంతా కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది. 1669లో ఎత్నా లావా ఊరి పడమటి గోడల్ని దాటి, ఉర్సీనో కోటను చుట్టుముట్టి సముద్రం దాకా పారింది. అంతకుముందు సముద్రపు ఒడ్డున ఉన్న ఆ కోట ఇప్పుడు ఊరి లోపల ఉంది. దాన్నుంచి తేరుకోకముందే 1693 జనవరి 11న భూకంపం వచ్చి ఊరిలో దాదాపు ఏదీ నిలబడలేదు, ఆగ్నేయ సిసిలీ మొత్తమ్మీద 60 వేల మంది దాకా చనిపోయారని అంచనా. మళ్లీ కట్టేటప్పుడు వీధులు వెడల్పుగా, సూటిగా వేశారు, మళ్లీ కంపిస్తే జనం బయటికి పరిగెత్తడానికి చోటుండాలని. మీరు నడుస్తున్న విశాలమైన వీధుల వెనక ఉన్న కథ అది. 2002లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన వాల్ ది నోతో (ఆగ్నేయ సిసిలీ ప్రాంతం) బరోక్ శైలి పట్టణాల్లో కతానియా ఒకటి.

కెథెడ్రల్‌లోకి పన్నెండులోపు వెళ్లండి, భుజాలూ మోకాళ్లూ కప్పుకుని. రెండు చూస్తే చాలు: అగతా ప్రార్థనాలయం, సంగీతకర్త విన్సెంజో బెల్లీనీ సమాధి. ఆయన 1801లో ఇక్కడే పుట్టి 1835లో పారిస్ దగ్గర పోయాడు, అవశేషాలు 1876లో సొంతూరికి తెచ్చారు. ఆయన పేరు మీకు మధ్యాహ్నం భోజనంలో మళ్లీ తగులుతుంది.

పక్కనే ఉన్న బదియా ది సంత్ అగతా చర్చికి టికెట్ తీసుకుని పైకెక్కండి. మెట్లు ఎక్కువే, ఇరుకే. కానీ పైనుంచి ఒకవైపు ఓడరేవు, ఇంకోవైపు పెంకుటిళ్ల మీదుగా సుమారు 3,400 మీటర్ల ఎత్నా, కొసన పొగ. మేఘాలు కమ్మకముందు, అంటే మధ్యాహ్నంలోపే, కొండ బాగా కనపడే అవకాశం ఎక్కువ. రోజంతా ఒకే ఒక టికెట్ కొనాలనుకుంటే ఇది కొనండి.

ఒంటిగంట: పాస్తా అల్లా నోర్మా

వేయించిన వంకాయ, టమాటా సాస్, తులసి జాతి బాసిల్ ఆకు, పైన తురిమిన ఉప్పు రికొత్తా చీజ్. కతానియా పాస్తా అంటే ఇదే. నోర్మా అనేది బెల్లీనీ రాసిన ఓపెరా, అంటే సంగీత నాటకం, 1831లో మిలాన్‌లో మొదటిసారి ఆడింది. ఎవరో ఈ పాస్తా తిని ఇది నోర్మా అంత గొప్పగా ఉందని అన్నారట, ఆ పేరు ఉండిపోయిందట. కథ నిజమో కాదో గానీ పాస్తా మాత్రం శాకాహారులకు వరం.

మంచి నోర్మాను గుర్తుపట్టడం తేలిక. వంకాయ ముక్క బయట గోధుమ రంగులో, లోపల వెన్నగా ఉండాలి. నూనె కారుతూ గానీ, పచ్చిగా రబ్బరులా సాగుతూ గానీ ఉంటే వంటవాడు తొందరపడ్డాడన్నమాట. పైన పడే చీజ్ రికొత్తా సలాతా, అంటే ఆ ఉప్పు రికొత్తాయే కావాలి, పార్మెజాన్ వేసి తెస్తే అది పర్యాటకుల కోసం నడిపే చోటు. నాలుగు భాషల్లో బొమ్మల మెనూ పట్టుకుని గుమ్మంలోంచి పిలిచే చోట్లను వదిలేసి, చౌరస్తాకి రెండు మూడు సందులు లోపలికి వెళ్లండి, లోపల మధ్యాహ్నం భోజనానికొచ్చిన ఉద్యోగులు కనపడితే కూర్చోండి. బ్యాగులో కారప్పొడి ఉంటే ఈ ఒక్క పూటకి దాన్ని అక్కడే ఉండనివ్వండి.

ముందు కపొనాతా చెప్పొచ్చు: వంకాయ, సెలరీ, ఆలివ్‌లు, కేపర్లు, పులుపూ తీపీ కలిపి, చల్లగా వడ్డిస్తారు. బిల్లులో కోపెర్తో అని మనిషికి ఒకటి రెండు యూరోలు కనపడితే గొడవ పడకండి, అది కుర్చీకి, బ్రెడ్డుకి. విడిగా టిప్పు ఇవ్వాలన్న పట్టింపు లేదు.

మూడు: ఊరు నిద్రపోయేటప్పుడు

మధ్యాహ్నం షాపుల్లో చాలా భాగం మూసేస్తారు. ఆ టైమ్‌లో తెరిచి ఉండేవి చూడాలి. నా మొదటి ఓటు బెనెడిక్టైన్ సన్యాసుల మఠం, సాన్ నికొలో లరేనా. 1558లో మొదలై, లావా తగిలి, భూకంపంలో కూలి, మళ్లీ ఇంకా పెద్దగా లేచింది. ఇప్పుడు కతానియా విశ్వవిద్యాలయం మానవీయ శాస్త్రాల విభాగం ఇందులోనే నడుస్తోంది, కాబట్టి పాలరాతి వసారాల్లో పిల్లలు పరీక్షల గురించి కంగారు పడుతూ కనపడతారు. లోపలంతా చూడాలంటే గైడుతో వెళ్లాలి, ఆ రోజు వేళలు ముందే చూసుకోండి. తిండి కోసం వచ్చినవాళ్లు అసలు వదలకూడనిది వంటిల్లు: 1669 నాటి లావా గట్టు మీదే కట్టారు. ఇక్కడి సన్యాసులు పెద్దింటి కుటుంబాల రెండో కొడుకులు, మూడో కొడుకులు. వాళ్ల భోజనాలు ఎలా ఉండేవో ఆ వంటిల్లు సైజు చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఓపిక ఉంటే దిగువన విత్తోరియో ఎమనుయేలే వీధిలోని రోమన్ థియేటర్. ఇళ్ల మధ్యలో, ఇళ్ల కింద ఇరుక్కుని ఉంటుంది, అడుగున అమెనానో నీళ్లు నిలుస్తాయి. అరగంట చాలు.

ఐదు: సెల్స్, నిమ్మ, ఉప్పు

ఇది మనవాళ్లకు సొంతూరు గుర్తొచ్చే ఘట్టం. చౌరస్తాల్లో చిన్న గుండ్రటి కియోస్కులుంటాయి, ముందు పాలరాతి అరుగు. "సెల్స్ లిమోనె ఎ సాలె" అనండి, అంటే సోడా, నిమ్మ, ఉప్పు. రెండు నిమ్మకాయ చెక్కలు ఇనుప మీట కింద పెట్టి ఒక్క నొక్కు నొక్కుతాడు, గ్లాసులో రసం, పైన కుళాయి నుంచి గట్టి సోడా, ఆఖర్న చెంచాడు ఉప్పు. ఉప్పు పడగానే నురగ గ్లాసు అంచు దాకా పొంగుతుంది. అదే క్షణంలో ఎత్తి తాగేయాలి, ఫొటో తీద్దామని ఆగితే పొంగంతా అరుగు మీదే. మన గోళీ సోడాలో ఉప్పు నిమ్మకాయ పిండినట్టే, కాకపోతే ఇక్కడి నిమ్మకాయలు పెద్దవి, వాసన ఎక్కువ. తీపి కావాలంటే మందరీనో అనే నారింజ జాతి సిరప్ కలిపింది అడగండి. రెండు యూరోలకు అటూఇటూ. కూర్చోవడానికి ఏమీ ఉండదు, తాగి కదలడమే.

ఆరు నుంచి: వయా ఎత్నేయా, వేడివేడివి, తీపివి

చౌరస్తా నుంచి ఎత్నా వైపు సూటిగా, దాదాపు మూడు కిలోమీటర్లు సాగే వీధి ఇది. సాయంత్రం ఊరంతా ఇక్కడే నడుస్తుంది. మీరూ నడవండి. దారిలో పియాజ్జా స్తెసికోరో దగ్గర నేల కింద రోమన్ల గోదా కనపడుతుంది, పైనుంచి తొంగి చూస్తే సరిపోతుంది. బెల్లీనీ తోట ఎదురుగా సావియా అనే మిఠాయి దుకాణం 1897 నుంచి ఉంది.

బేకరీల్లో తావొలా కాల్దా అనే వేడి చిరుతిళ్ల కౌంటర్ వెతకండి. అరన్చీనో తప్పనిసరి: అన్నం ముద్దలో కూర పెట్టి, కొసతేలిన కొండ ఆకారంలో చేసి, బ్రెడ్డు పొడి అద్ది వేయించింది. అప్పుడే నూనెలోంచి తీసిన పళ్లెం వచ్చేదాకా ఆగండి. ఇక్కడే శాకాహారులు జాగ్రత్త. రగూ అంటే మాంసం. అల్ బుర్రో అంటే వెన్న అని మురిసిపోతారు గానీ, లోపల హామ్ ఉంటుంది. పిస్తాది కూడా చాలాచోట్ల పంది మాంసంతోనే. నోర్మాది, పాలకూరది (స్పినాచీ) మేలు, అయినా "చె కార్నె? చె ప్రొషుత్తో?" అని అడిగి తీరాలి, అంటే మాంసం ఉందా, హామ్ ఉందా అని. చిపొల్లీనా పేరుకి ఉల్లిపాయ పఫ్, లోపల మళ్లీ హామే.

తీపిలో కన్నోలో, గొట్టంలాంటి కరకరలాడే పెంకులో రికొత్తా నింపింది. ముందే నింపి అద్దాల వెనక పెట్టింది కొనొద్దు, పెంకు మెత్తబడిపోతుంది. మీ కళ్లముందు గొర్రెపాల రికొత్తా నింపి ఇచ్చే చోట కొనండి. ఆ పెంకు పిండిలో పాత పద్ధతిలో స్త్రుత్తో, అంటే పంది కొవ్వు కలుపుతారు, పట్టింపు ఉన్నవాళ్లు బాదం ముద్దతో చేసే మిఠాయిలకు మళ్లండి.

ఎనిమిదిన్నర తర్వాత

మాంసం తినేవాళ్లకు వయా ప్లెబిషీతో. చీకటి పడగానే ఆ వీధిలో కసాయి దుకాణాల ముందు బొగ్గుల కుంపట్లు వెలుగుతాయి, దూరం నుంచే పొగ కనపడుతుంది. ఎక్కువగా గుర్రపు మాంసం, ఇక్కడ అది మామూలు తిండి. వద్దనుకుంటే ఉల్లికాడకు పంది మాంసం పొర చుట్టి కాల్చిన చిపొల్లాతా ఉంది. శాకాహారులకు ఈ వీధిలో పెద్దగా ఏమీ లేదు, తెయాత్రో మస్సిమో బెల్లీనీ చుట్టుపక్కల సందుల్లో పిజ్జాలు చూసుకోండి. ఆ థియేటర్ 1890లో తెరిచినప్పుడు ఆడింది కూడా నోర్మానే.

రాత్రి పూట తోలుబొమ్మలాట ఇష్టపడేవాళ్లకు ఇంకో దారి ఒపెరా దెయి పూపీ, సిసిలీ బొమ్మలాట, 2001లో యునెస్కో గుర్తింపు వచ్చింది. షార్లమేన్ చక్రవర్తి వీరుల కథలు, కవచాల మీద కత్తులు ఖంగుమంటుంటే కింద చెక్క నేలను కాలితో దబదబా బాదుతారు. కతానియా బొమ్మలు పలెర్మో వాటికంటే బాగా పెద్దవి, బరువు, మోకాళ్లు వంగవు. 1921 నుంచి ఫ్రతెల్లీ నాపోలీ అనే కుటుంబం ఈ పని చేస్తోంది. ప్రదర్శనలు రోజూ ఉండవు, కాబట్టి ఊరు చేరకముందే తేదీ చూసుకుని, దాన్నిబట్టి రాత్రి భోజనం ముందుకో వెనక్కో జరపండి.

మర్నాడు ఎత్నా ఎక్కాలనుకుంటే రైల్వే స్టేషన్ ముందు చౌరస్తా నుంచి కొండ మీదున్న రిఫూజో సపియెంజాకి పొద్దున ఒకే ఒక్క బస్సు వెళ్తుంది, సాయంత్రం అదే తిరిగొస్తుంది. వేళలు ముందు రోజే కనుక్కోండి, బస్సుకి కాస్త ముందుగా చేరండి, ఊళ్లో ఎంత ఎండ ఉన్నా జాకెట్టు తీసుకెళ్లండి. పైన గాలి చలిగా ఉంటుంది.